కణుపుల లెక్క

జూన్ పన్నెండు. ఆ రోజు మధ్యాహ్నం బడిలో గుమ్మడికాయ కూర, పప్పుచారు. పిల్లలు వట్టి చేతులతో తిన్న ఆఖరి అన్నం అదే కాబట్టి తారకేశానికి తేదీ గుర్తుండిపోయింది. చారు మోచేతుల దాకా కారింది. ఒకడు దాన్ని నాలుకతో అందుకోబోయి, మెడ చాలక, పక్కవాడి మోచెయ్యి నాకాడు. మర్నాడు పిల్లల చేతులకి తొడిగి వేళ్ళని నడిపించే తోడుచేతులు వచ్చాయి. ఇప్పుడు మధ్యాహ్నం చుట్టిన రొట్టెలు వస్తున్నాయి. పట్టుకుని కొరికితే చాలు, కలుపుకోనక్కర్లేదు.

చలి ఇంకా వదలని ఆ బుధవారం ఉదయం, పిల్లలు రాకముందే, తారకేశం కృత్యాల గదిలో బల్ల ముందు కూర్చుని రెండు చేతులూ మూలతొడుగులోకి దూర్చాడు. నల్లటి జాలీ బట్ట వేళ్ళ చుట్టూ మెల్లగా బిగుసుకుంది. కుప్పలోంచి చింతపిక్కను చూపుడువేలు, బొటనవేలు కొసలతో ఎత్తి గిన్నెలో వేశాడు. ఎడమచెయ్యి గిన్నె అంచును పట్టుకుని ఉంది. పిక్కలయ్యాక దారానికి మట్టిపూసలు గుచ్చాడు. తర్వాత చిన్న చొక్కాకి బొత్తాలు పెట్టాడు.

“వృథాకదలిక లేదు. కూర్పు అయింది,” అంది బల్ల మీది పెట్టె.

ఆ మాటతో కొండవాలు పొడుగునా ఉన్న పంతొమ్మిది బళ్ళలో తోడుచేతులు ఆనాటి పాఠం నేర్చుకున్నాయి. మండలానికంతటికీ తారకేశమే మూలహస్తం. ఆయన చెయ్యి ఎటు వెళ్ళిందో ఒకటో తరగతి పిల్లల చేతులన్నీ అటే వెళ్తాయి. ఆయన చెయ్యి వెళ్ళని చోటికి ఏ వేలైనా పోబోతే తోడుచెయ్యి దాన్ని మెత్తగా వెనక్కి తెస్తుంది. నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడం చూసి మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. తారకేశం కూడా మెచ్చుకున్నాడు.

ఆ ఉదయం మూడో వరసలో పైడితల్లి పిక్కల కుప్ప ముందు కూర్చుంది. ఆరేళ్ళ పిల్ల. కుడిచేత్తో పిక్క ఎత్తింది. ఎడమచేతి బొటనవేలు గిన్నె అంచు వదిలి చిటికెనవేలి మొదటి కణుపు మీదికి వెళ్ళబోయింది. తోడుచెయ్యి దాన్ని తెచ్చి మళ్ళీ గిన్నె మీద పెట్టింది. రెండో పిక్కకీ అంతే. నాలుగో పిక్క దగ్గర పైడి లెక్క ఆగిపోయింది.

“ఎన్నయ్యాయి తల్లీ?” అన్నాడు తారకేశం.

“తెల్దండి. బొటనేలు పట్టేసిందండి.”

“పైకి అంటూ వెయ్యి. ఒకటి, రెండు...”

“నోరు ముందెల్పోద్దండి. బొటనేలుంటే అక్కడ ఆగుద్దండి.”

వెనక వరసలోంచి ఎవరో, “పైడి బొటనేలు బజ్జుంది మాస్టారూ, లేపకండి!” అన్నారు. గదంతా నవ్వింది. పైడి కూడా నవ్వబోయింది గాని సగంలో మానుకుంది.

ఆ లెక్క వాళ్ళ నాయనమ్మ నేర్పింది. వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్ళకీ కలిపి పన్నెండు. దాటితే మళ్ళీ చిటికెనవేలు. తారకేశం చిన్నప్పుడు నేర్చుకున్నదీ అదే. కాని మూలహస్తపు శిక్షణలో మొట్టమొదట మాన్పించింది దాన్నే.

రెండు పరీక్షల్లో పైడి లెక్క తప్పింది. మూడోది శుక్రవారం. అదీ తప్పితే చూపుతరగతికి పంపేస్తారు. అక్కడ పిల్లలు చేతులు అప్పగించి కూర్చుంటారు, పనంతా తోడుచెయ్యే చేసుకుపోతుంది. అక్కణ్ణించి వెనక్కి వచ్చిన పిల్లని తారకేశం ఇంతవరకూ చూడలేదు.

సాయంత్రం గేటు దగ్గర పైడి వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ తారకేశాన్ని ఆపింది. వెనక పెద్దకూతురు నిలబడి ఉంది. పదేళ్ళుంటాయి, చూపుతరగతి పిల్ల. చొక్కా బొత్తాలు ఒకటి విడిచి ఒకటి పెట్టి ఉన్నాయి.

“మాస్టారండీ, సుక్కురారం ఈ పిల్ల గట్టెక్కుద్దా?”

“చూద్దామమ్మా.”

“సూద్దామంటే సూపుతరగతేనండి. ఈ పెద్దదాన్ని సూడండి. ఇంటికాడ ఆ తొడుగు ఇప్పేత్తే అన్నం కలుపుకోలేదు. పదేళ్ళ పిల్లకి నాను ముద్దలు సేసి నోట్లో ఎట్టాల. దీని సేతులు అట్టుకుపోయి మళ్ళీ ఇవ్వలేదు మాస్టారూ. సిన్నదాని సేతులైనా నాకు ఉంచండి.”

పెద్దకూతురు తల దించుకుని తన వేళ్ళకేసి చూసుకుంది. పైడి చెప్పు తెగి ఉంటే తారకేశం వంగి పిన్నీసు పెట్టి ఇచ్చాడు. ఆయన చేయగలిగింది అదొక్కటే కనిపించింది.

ఆ రాత్రి మండల సమన్వయకర్త ప్రసూనకి ఫోన్ చేశాడు. కణుపుల లెక్కని ఆపొద్దని అర్జీ పెట్టడం ఇది నాలుగోసారి.

“మాస్టారూ, నేనూ కణుపుల మీదే లెక్కపెట్టేదాన్ని. ఇప్పటికీ బజారులో జేబులో చెయ్యి పెట్టుకుని అలాగే లెక్కపెడతాను,” అందామె. “కాని పైవాళ్ళు ఒకటే రాస్తున్నారు. మూలంలో లేని కదలిక వృథాకదలిక అని.”

“మరి మూలంలో ఉంటే?”

“మూలం మీరే కదా. నేనేమీ అనలేదు మాస్టారూ. పడుకోండి.”

గురువారం ఉదయం తారకేశం ప్రతి పిక్కకీ ఎడమ బొటనవేలిని ఒక్కో కణుపు మీద ఆనించాడు.

“ఎడమ బొటనవేలు. వృథాకదలిక. మళ్ళీ చేయండి.”

మళ్ళీ అలాగే చేశాడు.

“కృత్యంలో భాగమా?”

“భాగమే.”

“కూర్పు అయింది.”

ఇంత సులువా అనుకున్నాడు. తొడుగులోంచి చేతులు తీశాడు.

తరగతిలో ఎడమ బొటనవేళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. పిల్లలు కేకలు పెట్టారు. “మాస్టారూ, నా బొటనేలు నడుత్తందండి!” “ఒరే, నాదీ! ఎక్కడికెల్తందిరా ఇది?” పైడి మొహం విప్పారింది. ఒకటి, రెండు, మూడు దాకా పెదవులు కదిలాయి. నాలుగో పిక్క జారింది. దాన్ని ఎత్తడానికి వంగేసరికి బొటనవేలు ఆమె కోసం ఆగకుండా అయిదో కణుపుకి వెళ్ళిపోయింది, ఆరుకీ వెళ్ళింది. అది తారకేశం వేగం. అరవై ఏళ్ళ చేతి వేగం.

“నా కన్నా ముందెల్పోతందండి,” అంది పైడి. ఏడవలేదు. గిన్నెలోకి చూస్తూ కూర్చుంది.

తారకేశం పక్కనే నిలబడి ఉన్నాడు. తను ఇచ్చింది అనుమతి అనుకున్నాడు. పంతొమ్మిది బళ్ళలో అది ఆజ్ఞ అయి దిగింది. ఆ పిల్ల వేలిని నిన్న ఆపిందీ, ఇవాళ ఈడ్చుకుపోతున్నదీ తన చెయ్యే.

ఆ సాయంత్రం ఇంట్లో ఒక్క గ్లాసు టీ పెట్టుకుంటూ భార్య వరాలు మాట తలుచుకున్నాడు. ఆసుపత్రిలో చివరి వారం ఆమె కుడి బొటనవేలు దుప్పటి కింద కదులుతూ ఉండేది. సూది ఊడిపోతుందని మణికట్టుని మంచం పట్టీకి కట్టారు. అది వణుకు కాదు, ఆవిడ లెక్కపెట్టుకుంటోంది అని తారకేశం చెప్పాడు. ఎవరూ వినలేదు. ఏం లెక్కపెడుతున్నావని అడిగితే వరాలు కళ్ళు తెరవకుండా, “చెబితే తప్పిపోతుంది, ఉండండి,” అంది. రెండో రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు ఒక్క మాటైనా అడగకుండా కట్టు విప్పేసింది. సూది మీద ఇంకో పట్టీ అంటించి వెళ్ళిపోయింది. ఆమె వరాలు వేలిని ముట్టుకోలేదు, సాయం పట్టలేదు. కట్టు విప్పింది, అంతే. తెల్లవారేదాకా ఆ బొటనవేలు తీరిగ్గా తిరిగింది.

టీ చల్లారిపోయింది.

శుక్రవారం ఉదయం తారకేశం బల్ల ముందు కూర్చున్నాడు. తొడుగు నోరు తెరుచుకుని ఉంది. చేతులు అందులో పెట్టి కదలకుండా ఉంటే పిల్లల చేతులూ కొయ్యబారిపోతాయి. అందుకని చేతులు పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“చేతులు లేవు. కృత్యం ఎప్పుడు మొదలుపెడతారు?”

ఏరోజు కూర్పు ఆరోజుతో చెరిగిపోతుంది. బదులు మూలహస్తం కావాలంటే ముందురోజు కబురు పెట్టాలి. ఆయన పెట్టలేదు. పెట్టె అదే ప్రశ్న అదే గొంతుతో అడుగుతూ పోయింది. బడిగంట కొట్టారు.

“నేటి కూర్పు లేదు,” అంది చివరికి.

పిల్లల చేతుల మీద తోడుచేతులు తడిగుడ్డల్లా వదులయ్యాయి. మణికట్ల దగ్గర కొక్కేలు వాటంతటవే ఊడాయి. ఆ తర్వాత జరిగింది చూడముచ్చటగా ఏమీ లేదు. ఎనిమిది నెలలుగా ఇంకొకరి చెయ్యి నడిపించిన వేళ్ళకి పిక్క పట్టు దొరకలేదు. గుప్పిళ్ళతో ఎత్తారు, జారవిడిచారు. పూసలు గదంతా దొర్లాయి. ముందు వరసలో ఒక పిల్ల తన చెయ్యి పాడైపోయిందనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తారకేశం ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చుని, అరచెయ్యి తన అరచేతిలో ఉంచుకుని, “పాడవలేదమ్మా, నిద్ర లేస్తోంది,” అని చాలాసార్లు చెప్పాడు. ఎంతవరకు నిజమో ఆయనకీ తెలియదు.

పైడి ముందు పరీక్ష కుప్ప ఉంది. పద్నాలుగు పిక్కలు. ఆ పిల్ల తోడుచేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పిక్క ఎత్తింది. ఎడమ బొటనవేలు చిటికెనవేలి కణుపు మీద ఆగింది. పిక్క జారితే బొటనవేలు ఉన్నచోటే ఉండి ఆమె కోసం కాచుకుంది. పన్నెండు అయ్యాక మళ్ళీ చిటికెనవేలికి వచ్చింది.

“పద్నాలుగు,” అంది. తర్వాత బల్ల కిందికి దూరి, ఎవరి గిన్నెలోంచో దొర్లివచ్చిన పిక్క ఒకటి తెచ్చి తన గిన్నెలో వేసింది. “పదిహేనండి. ఇదొకటి కిందుంది.”

తారకేశం గిన్నె దగ్గరికి లాక్కుని లెక్కపెట్టాడు. పదిహేనే.

పరీక్షపెట్టె, “మూలం లేదు. నమోదు కాలేదు,” అంది.

సాయంత్రం గేటు దగ్గర అప్పలనర్సమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. “ఏటయింది మాస్టారూ? పాసయిందా?”

“పరీక్ష నమోదు కాలేదమ్మా. సోమవారం మళ్ళీ పెడతారు.”

“అయితే రాలేదా?”

“లెక్క వచ్చింది. నేను విన్నాను.”

“మీరొక్కరు ఇంటే ఏటి లాబం మాస్టారూ?” కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. పైడి ఒక చేత్తో తల్లి చెయ్యి పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో దారిలో ఏవేవో లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోయింది. మలుపు దగ్గర పెద్దకూతురు ఆగి, చెల్లెలి వేళ్ళు చూసి, తన బొటనవేలిని చిటికెనవేలి దాకా తీసుకెళ్ళడానికి ప్రయత్నించింది. అందలేదు. మళ్ళీ ప్రయత్నించింది.

చీకటి పడుతుండగా, ఇంకా బడిలోనే ఉన్న తారకేశానికి ప్రసూన ఫోన్ చేసింది.

“చెయ్యి బాగాలేదా మాస్టారూ?”

“బాగానే ఉందమ్మా.”

“సోమవారం నించి వేరే మూలహస్తం వస్తోంది. కుర్రాడు. చాలా వేగం అంటున్నారు.”

“ఊఁ.”

“ఇంకో సంగతి. కొండ మీది బళ్ళో పిల్లలు తోడుచేతులు పక్కన పడేసి, ఆయా తనకోసం తెచ్చుకున్న పులిహోర అందరూ కలిసి చేతులతో తినేశారట. తర్వాత తొడుక్కోమంటే తొడుక్కోలేదట. ఒక్కళ్ళు కూడా. అది పైకి రాయాలి. ఇవాళ కళ్ళు లాగుతున్నాయి మాస్టారూ. తర్వాత రాస్తాను.”

తారకేశం పూసలన్నీ ఊడ్చి డబ్బాలో పోశాడు. తోడుచేతుల్ని వాటి కొక్కేలకి వరసగా తగిలించాడు. పైడి గిన్నెలోని పిక్కల్ని మాత్రం కుప్పలో కలపలేదు. దీపం తీశాడు. వరాలు నిద్రపోతున్నప్పుడు ఆ వార్డు తలుపు ఎలా వేసేవాడో అలా, రెక్కని అరచేత్తో ఆపుతూ, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.