ఏడో మంచం బరువు

ఆ వార్డులో తెల్లవారేది సూర్యుడితో కాదు, బరువు మిషనుతో.

ఐదున్నర కొట్టేసరికి ఆయమ్మ వరండా చివరికెళ్లి, మిషను మీద కప్పిన గుడ్డ లాగేసేది. పాతకాలపు ఇనుప మిషను. కాళ్ల కింద ఇనుప పలక, ఛాతీ ఎత్తున గుండ్రటి గాజు ముఖం, అందులో ఒక నల్లటి ముల్లు. కొత్త మిషన్లు వచ్చాయి, మూలన పడ్డాయి. ఇది మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరూ గుక్కెడు టీ కూడా తాగకముందే మంచం మంచానికీ బరువు చూసి పుస్తకంలో ఎక్కించాలి. ఎనిమిదింటికి డాక్టరుగారు ఆ అంకె చూసే కొన్ని సూదుల మోతాదు రాస్తారు.

"మందుకి కళ్లుండవమ్మా," అనేది పెద్ద సిస్టరు, కొత్తగా చేరిన ప్రతి పిల్లతోనూ. "ఎదురుగా ఉన్నది ఎనభై కిలోల మనిషో, ఎండుపుల్లో దానికి తెలీదు. వయసెంతో తెలీదు. కిడ్నీలు పనిచేస్తున్నాయో మొరాయిస్తున్నాయో తెలీదు. దానికి కళ్లు మనమే."

చిన్న సిస్టరు ఆ మాట నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీసుకుంది. అది రెండేళ్ల కిందటి సంగతి.

నిలబడలేని వాళ్ల బరువు చూడ్డానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. ముందు సిస్టరు ఒక్కతే మిషనెక్కి తన బరువు చూసుకోవాలి. తర్వాత మనిషిని ఎత్తుకుని ఎక్కాలి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే మిగిలేది ఆ మనిషి బరువు. పీలగా ఉన్న ముసలివాళ్లకీ, పసిపిల్లలకీ అంతే.

ఇందులో మొదటి సగం చిన్న సిస్టరు ఎప్పుడో మానేసింది. ఎందుకూ, తెలిసిందేగా? తన బరువు నలభై ఆరు. ఉద్యోగంలో చేరిన రోజు కార్డు మీద రాసిన అంకె. నిద్రలో లేపి అడిగినా అదే చెబుతుంది. ఈ రెండేళ్లలో తిన్న క్యాంటీను బన్నులూ బిస్కెట్లూ ఎక్కడ చేరాయో ఆమె పట్టించుకోలేదు. ఆయమ్మ పట్టించుకుంది.

"సిస్టరమ్మా, మీ యూనిఫాం కుట్లు ఏడుస్తున్నాయి. వినబడట్లేదా?"

"పో ఆయమ్మా. ఆ టైలరు బిగువుగా కుట్టాడు."

"అవునవును. రెండేళ్లు ఊరుకుని ఇప్పుడు గుర్తొచ్చింది పాపం ఆ గుడ్డకి, బిగుసుకోవాలని."

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కడితో ఆ మాట పోయింది.

ఏడో మంచం మీది అవ్వని వార్డంతా పిచ్చుకమ్మ అనేవాళ్లు. అంత చిన్న మనిషి. కాలి నరంలో రక్తం గడ్డకట్టిందని తీసుకొచ్చారు. రక్తం పలచబడ్డానికి రోజుకి రెండు సూదులు, కిలో లెక్కన. చిన్న ఆస్పత్రి, ఆడా మగా అందరికీ ఒకటే వార్డు. పక్కనే ఆరో మంచం మీద లారీ డ్రైవరుకి కూడా అదే జబ్బు, అదే మందు.

ఆ పొద్దున అప్పటికే ఆలస్యమైంది. ఇంకా పదకొండు మంచాలున్నాయి. చిన్న సిస్టరు పిచ్చుకమ్మని దుప్పట్లోంచి ఎత్తుకుంది. స్పిరిటు వాసన, నలిగిన దుప్పటి వాసన. అవ్వ ఎడమ చెయ్యి ఆమె మెడ చుట్టూ మెల్లగా చుట్టుకుంది. ఎముక, పైన పల్చటి తోలు. చల్లగా ఉంది.

"అమ్మాయీ… నన్నెవరైనా ఎత్తుకుని ఎన్నేళ్లయిందో," అంది అవ్వ, చెవి దగ్గర.

ముల్లు ఎనభై ఐదు దగ్గర సన్నగా వణికి ఆగింది. ఎనభై ఐదులో నలభై ఆరు పోతే ముప్పై తొమ్మిది.

"దించకమ్మా… కింద చలి."

"దించనులే అవ్వా," అంది చిన్న సిస్టరు. అని, రెండు నిమిషాల్లో మంచం మీద దించేసింది. పుస్తకంలో ముప్పై తొమ్మిది అని రాసి సంతకం పెట్టింది. పక్కన రెండో సంతకం పెద్ద సిస్టరుది. ఆవిడ ఫోనులో మాట్లాడుతూ, తలెత్తకుండానే గీసేసింది.

మూడో రోజుకి లారీ డ్రైవరు లేచి కూర్చుని, టీలో పంచదార తక్కువైందని గొడవ పెట్టుకున్నాడు. అదే రోజు సాయంత్రం పిచ్చుకమ్మ దిండు మీద ఎర్రటి మరక కనబడింది. ముందు చిగుళ్లలోంచి, తర్వాత ముక్కులోంచి. చేతుల మీద ముట్టుకున్న చోటల్లా నల్లగా కమిలిపోయింది. తెల్లారేసరికి ఏడో మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"వయసు మీద పడింది, కిడ్నీలు చూస్తే అలా ఉన్నాయి," అన్నారు డాక్టరుగారు. అందరూ తలూపారు.

కాగితాల కోసం అవ్వ కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది. కాగితం తిప్పుతూ ఒక చోట ఆగిపోయింది.

"ముప్పై తొమ్మిదేంటమ్మా? మా అమ్మ పోయిన నెలే చూపించుకుంది. ముప్పై రెండు. ఈ జన్మలో ముప్పై తొమ్మిది ఎరగదు మా అమ్మ."

"మిషను… మిషనుకీ మిషనుకీ తేడా ఉంటుందక్కా," అంది చిన్న సిస్టరు. తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు. తను ఇప్పటికీ నలభై ఆరే అయితే ఆ కూతురు పొరబడింది. కాకపోతే… ఆ ఏడు కిలోలు తనవి. తన ఒంటి మీది ఏడు కిలోలకి కూడా కలిపి పిచ్చుకమ్మకి సూది పొడిచారు. ఒకసారి కాదు, రోజుకి రెండుసార్లు. ఉన్న మందు బయటికి పోనివ్వని కిడ్నీలతో ఆ ఒంట్లో అది ఎంతని పేరుకుంటుంది?

మర్నాడు ఐదింటికే వెళ్లింది. వరండాలో ఒక్కటే లైటు. మిషను మీది గుడ్డ తీసింది. చెప్పులు విప్పి ఎక్కింది. ఇనుప పలక మంచులా కాళ్లకి తగిలింది.

ముల్లు కదిలింది. నలభై ఆరు దాటింది. యాభై మూడు దాటింది. ఆగలేదు…

ఎనభై ఐదు.

కిందికి దిగింది. ముల్లు సున్నాకి వచ్చింది. మళ్లీ ఎక్కింది. ఎనభై ఐదు. అక్కడ ఆగి, సన్నగా వణికింది. ఆగింది. వణికింది… ఊపిరి తీసుకునే మనిషిని ఎత్తుకుంటే ముల్లు అలాగే వణుకుతుంది. ఈ రెండేళ్లలో ఎన్నిసార్లు చూసిందో తను.

ఆమె మాత్రం ఊపిరి బిగబట్టి ఉంది.

"ఏంటమ్మా ఇంత పొద్దున్నే?" వెనక నుంచి ఆయమ్మ. ముల్లు చూసి పకపకా నవ్వింది. "అబ్బో! నేను కుట్లే ఏడుస్తున్నాయనుకున్నా." నవ్వుతూనే సిస్టరుని పక్కకి జరిపి తను ఎక్కింది. డెబ్భై. ఆయమ్మ బరువు ఎప్పుడూ డెబ్భయ్యే. నవ్వు మెల్లగా ఆగిపోయింది. సిస్టరు మోచేతుల వైపు చూసింది. అవి పొట్ట దగ్గర వంగి ఉన్నాయి.

"సిస్టరమ్మా…" అంది గొంతు తగ్గించి. "ఎవర్ని ఎత్తుకున్నారు?"

ఆ రోజు నుంచి మోచేతుల్లో నొప్పి పట్టుకుంది. మెడకి ఎడమ పక్కన, అరచెయ్యంత మేర, ఎప్పుడూ చల్లగా ఉండేది. అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. మూడు వారాల్లో యూనిఫాం గోనెసంచిలా వేలాడింది. రోజూ తెల్లారకముందే మిషనెక్కేది. మనిషి సగమైపోతోంది. ముల్లు మాత్రం ఎనభై ఐదు మీద నుంచి వెంట్రుకవాసి కదలదు. తను తగ్గినంతా ఎవరు పెరుగుతున్నట్టు?

నిలబడలేని వాళ్ల బరువులు ఏదో వంకతో వేరేవాళ్లకి అప్పగించేది. చెప్పేయాలని రోజూ అనుకునేది. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే… రేపు చెబుదాంలే అనుకునేది.

ఆ రేపు రెండో మంచం పాప రూపంలో వచ్చింది. నాలుగేళ్ల పిల్ల. తెల్లవారుజామున ఫిట్స్‌తో తీసుకొచ్చారు. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. మందు సిద్ధం, బరువు చెబితే చాలు. చిన్న సిస్టరు పాపని ఎత్తుకుని మిషనెక్కింది.

తొంభై తొమ్మిది.

ఇందులోంచి ఎంత తియ్యాలి? నలభై ఆరు తీస్తే పాప యాభై మూడు కిలోలు. ఎనభై ఐదు తీస్తే పద్నాలుగు. కానీ ఎనభై ఐదు తియ్యాలంటే… తన చేతుల్లో ఇంకో మనిషి ఉందని ఒప్పుకోవాలి. పాప తల ఆమె కుడి భుజం మీద వేడిగా కాలుతోంది. ఎడమ భుజం మీద ఇంకేదో, చల్లగా…

"పెద్ద సిస్టర్!" కేకేసింది. "నా వల్ల కాదు. మీరు చూడండి."

పెద్ద సిస్టరు ముందు ఒక్కతే ఎక్కింది. అరవై ఒకటి. పాపని ఎత్తుకుని ఎక్కింది. డెబ్భై ఐదు. పద్నాలుగు కిలోలు. సూది పడింది. పాప ఒళ్లు మెల్లగా సడలింది, నిద్రపోయింది.

అప్పుడు వరండాలో, మిషను పక్కన, చిన్న సిస్టరు అంతా చెప్పేసింది. నలభై ఆరు సంగతి, ముప్పై తొమ్మిది సంగతి, కూతురు అన్న మాట. అవ్వ చెవిలో అన్నది మాత్రం నోటికి రాలేదు. అది ఎవరికీ చెప్పలేదు.

పెద్ద సిస్టరు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఎక్కు," అంది చివరికి.

ఎక్కింది. ముల్లు పరుగెత్తుకెళ్లి ఎనభై ఐదు మీద నిలబడింది. పెద్ద సిస్టరు అటు చూడట్లేదు. ఇంకా అద్దాలే తుడుస్తోంది.

"చూడమ్మాయ్. ఆ అంకె పక్కన నా సంతకం కూడా ఉంది. రిటైరవడానికి నాకింకా ఎనిమిది నెలలు. నువ్వు చేరినప్పుడు నలభై ఆరు, ఇప్పుడూ నలభై ఆరులాగే ఉన్నావు. మధ్యలో ఏముందో ఎవరు చూడొచ్చారు? లెక్క సరిగ్గానే ఉంది. నేను చెబుతున్నాను. ఈ మాట ఇక్కడే వదిలెయ్."

ముల్లు వణికింది.

తర్వాత వెనక్కి జరిగింది. ఎనభై… డెబ్భై… అరవై… ఒక్కసారిగా పడిపోలేదు. ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, తడుముకుంటూ ఎవరో మెల్లగా దిగుతున్నట్టు. చిన్న సిస్టరు మెడ మీద చల్లదనం జారిపోయింది. గచ్చు మీద మెత్తటి చప్పుడు… ఒట్టికాళ్ల చప్పుడు. రెండడుగులు. మూడు.

ఆగింది.

పెద్ద సిస్టరు కళ్లజోడు పెట్టుకుని గాజు ముఖంలోకి వంగి చూసింది. "చూశావా? నలభై ఆరే. ఎనభై ఐదులో నలభై ఆరు పోతే ముప్పై తొమ్మిది. అనవసరంగా కుమిలి చిక్కిపోయావు. వెళ్లి ఏమన్నా తిను."

చిన్న సిస్టరు కిందికి దిగింది. మూడు వారాల తర్వాత చేతులు రెండూ తేలిగ్గా, ఊరికే, పక్కలకి వేలాడుతున్నాయి. నిజం చెప్పింది కదా, వదిలేసింది కదా అనుకుంది. మరి నిజాన్ని ఎవరూ తీసుకోలేదే?

పెద్ద సిస్టరు వార్డు వైపు నడిచింది. రోజూ చకచకా నడిచే మనిషి. ఇవాళ అడుగు తీసి అడుగు వేస్తోంది. నాలుగో కిటికీ దగ్గర ఆగి, మెడకి ఎడమ పక్కన చెయ్యి పెట్టి రుద్దుకుంది. తర్వాత రెండు మోచేతులూ పొట్ట దగ్గరికి మడిచి, ఏదో జారిపోతుంటే సర్దుకున్నట్టు, కొంచెం పైకి ఎగదోసుకుంది.

తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, చాలా మెల్లగా అంది.

"దించనులే…"