పెళ్ళిగీత

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు వంటింటి నేల మీద ఒక గోళీ పెట్టి వదిలాను. అది మెల్లగా దొర్లుకుంటూ పోయి, నడవ గుమ్మం దగ్గర నేలలో ఉన్న సందులో పడింది. కింద తగిలిన చప్పుడు రాలేదు.

"ఇది ఎన్నోది అక్కా?" అన్నాడు రాయిస్.

"పదకొండోది."

"అన్నీ ఏరుకొస్తాలే. మతి పోయినవాళ్ళని గోళీలు పారేసుకున్నారంటాంగా, మా ఆవిడకి ఇవి ఇస్తా."

రాయిస్ టనెల్ అనే ఇతను ఇళ్ళు బిగించే పనివాడు. ఫ్యాక్టరీ పంపితే వచ్చాడు. మాకు ఇల్లు అమ్మిన కొట్టు ఏప్రిల్లోనే మూతపడింది.

మాది ఫ్యాక్టరీలో రెండు ముక్కలుగా కట్టి, రెండు లారీల మీద తెచ్చి, అలబామా ఎర్రమట్టిలో సిమెంటు దిమ్మెలు పేర్చి కలిపిన ఇల్లు. ముక్కలు కలిసే చోటుని ఈ పనివాళ్ళు పెళ్ళిగీత అంటారు. ఒకటో ముక్కలో వంటిల్లు, ముందు గది, బయటికి తలుపు. రెండో ముక్కలో పడకగది. అందులో నా భర్త హాలిస్.

రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆయనకి కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. ఎడమ చేతి పెళ్ళి ఉంగరంతో మంచం ఇనప కమ్మీ మీద కొట్టి చెబుతాడు. ఒకసారి కొడితే మంచినీళ్ళు. రెండుసార్లయితే టీవీ. మూడుసార్లయితే, ఆర్డిత్, రా.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు జిల్లా వారపత్రికలో కోర్టు వార్తలు, చావు కబుర్లు రాశాను. ఏదైనా తేదీ వేసి రాసుకోవడం అలవాటు. సందు మార్చిలో పావు అంగుళం. జూన్‌లో ముప్పావు. ఇప్పుడు నవంబరు, రెండంగుళాలు. చక్రాల కుర్చీ దాన్ని దాటదు. అటువైపు వెనక తలుపుకి మెట్లే బిగించలేదు, అది వేరే ఫిర్యాదు. ఇంట్లో నిప్పు అంటుకుంటే హాలిస్‌ని నేనొక్కదాన్నీ బయటికి తేలేను. ఇంటికి ఫ్యాక్టరీ ఇచ్చిన ఏడాది హామీ శుక్రవారంతో అయిపోతుంది.

రాయిస్ సందుకి ఇటొకటి అటొకటి కొక్కేలు దిగ్గొట్టి, మధ్యలో గొలుసు తగిలించి, దాన్ని బిగించే పళ్ళచక్రం పిడి నా చేతికిచ్చాడు.

"నేను కిందికెళ్ళి చూస్తా. మళ్ళీ బయటికొచ్చి మీ భుజం తట్టాకే ఈ పిడి లాగాలి. కిందనుంచి మాట వినిపించినా లాగొద్దు."

"ఎందుకని?"

"నేల కింద వేడిగాలి గొట్టాల్లో మాట ఎటునుంచి ఎటు వస్తుందో తెలీదు. మా పనిలో మాట లెక్క కాదు, చెయ్యే లెక్క. నా మూడు పెళ్ళిళ్ళలోనూ అదే గోల," అని నవ్వాడు. "దీనికి బోల్టులైనా ఉంటాయి."

"పనిలో పని, ఇనప దూలాల మీద నంబర్లు కూడా చదివి చెప్పు. ఫ్యాక్టరీ అడిగింది."

అతను ఇంటి అడుగు చుట్టూ కప్పిన రేకు ఒకటి తీసి నేల కిందికి పాక్కుంటూ వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గర బోర్లా పడుకుని నేలలో ఉన్న గాలిగొట్టం జల్లెడ మీద చెవి పెట్టాను. తడిమట్టి వాసన, ఎలుకల వాసన. పైన ఎండ కాస్తూనే ఉంది. సందు మాత్రం నల్లగా ఉంది, అందులోంచి చల్లగా గాలి వస్తోంది.

"ఒకటో దూలం," అన్నాడు కిందనుంచి. నంబరు చదివాడు. రాసుకున్నాను.

"రెండోది?"

అతను పక్కకి జరిగిన చప్పుడు. టార్చి వెలుతురు సందులోంచి ఒకసారి మెరిసి పోయింది.

"రెండోదాని మీద నంబరు లేదక్కా."

"తుప్పు పట్టిందేమో."

"తుప్పు లేదు. బోల్టు బెజ్జాలూ లేవు. నంబరు అసలు వెయ్యనే లేదు." దూలాన్ని అరచేత్తో తట్టిన చప్పుడు. "ఇనుము వెచ్చగా ఉంది."

"హీటరు గొట్టం తగులుతోందేమో చూడు."

"గొట్టం ఇటు రాలేదు."

ఇంకా లోపలికి పాక్కుంటూ వెళ్ళాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు బాగా తగ్గించాడు.

"గోళీలు దొరికాయి."

"ఎన్ని?"

"పదకొండూ. వరసగా పెట్టి ఉన్నాయక్కా. సమానమైన దూరంలో."

ఆ తర్వాత బట్టలు మట్టికి రాసుకుంటున్న చప్పుడు, గబగబా. అదీ ఆగిపోయింది.

"రాయిస్?"

ఫ్రిజ్ మోగుతోంది. రోడ్డు మీద కలప లారీ ఒకటి వెళ్ళింది. ఐదు నిమిషాలు గడిచి ఉంటాయి.

అప్పుడు సందుకి అవతల, రెండో ముక్క జల్లెడలోంచి మాట వచ్చింది.

"అక్కా... చెయ్యి ఇరుక్కుంది."

రాయిస్ గొంతే.

"ఎక్కడ?"

"గీతలో... దూలం జారుతోంది. లాగండి. ఇటు పక్క పైకి లేస్తే వదులవుతుంది."

"నువ్వొచ్చి భుజం తట్టాలన్నావుగా."

"ఏ చేత్తో తట్టను..."

పిడి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే పడకగదిలో ఉంగరం ఇనుము మీద కొట్టుకుంది. మూడుసార్లు.

"వస్తున్నా హాలిస్. ఒక్క నిమిషం."

మళ్ళీ మూడుసార్లు. గట్టిగా. ఆయన ఎప్పుడూ అంత గట్టిగా కొట్టలేదు.

"లాగండి..." అంది కిందనుంచి గొంతు.

లాగాను. పిడి ఒక పన్ను తిరిగింది. ఇల్లంతా మూలిగింది. ఇంకో పన్ను. సందు అంగుళానికి వచ్చింది. పడకగదిలో చప్పుడు ఆగకుండా వస్తోంది. మూడు... మూడు... మూడు... నేను బలమంతా పెట్టి ఆఖరిసారి లాగాను.

ఒకటి.

రెండు.

సందు మూసుకుంది.

మూడో చప్పుడు రాలేదు.

ముందు తలుపు తెరుచుకుంది. రాయిస్ నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా మట్టి. రెండు చేతులూ బాగానే ఉన్నాయి.

"ఎవరు లాగమన్నారు?" అన్నాడు.

"నువ్వే."

"నేను బయటికొచ్చి ఎంతసేపైందో తెలుసా? బండిలో కూర్చున్నా. మళ్ళీ కిందికెళ్ళడానికి కాళ్ళు రాలేదు." నేల వైపు చూశాడు. సందు ఉన్న చోట సన్నటి గీత కూడా లేదు. నేల చెక్క అటునుంచి ఇటు ఒకే పలకలా ఉంది.

నేను పడకగదిలోకి పరుగెత్తాను.

హాలిస్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పాదాలు నేల మీద ఆన్చి ఉన్నాయి. కుడిచేత్తో దుప్పటి ముడతలు సరిచేస్తున్నాడు.

"మూసుకుంది కదా ఆర్డిత్," అన్నాడు.

రాయిస్ నా వెనకనుంచి అది విన్నాడు. కొక్కేలు, గొలుసు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. పని ముగిసిందని కాగితం మీద సంతకం కూడా పెట్టలేదు.

గురువారం డాక్టరు, మెదడు అప్పుడప్పుడూ ఇలా కోలుకుంటుందన్నాడు. చర్చి వాళ్ళు వేయించిన కోడి, అరటిపండు పుడ్డింగు తెచ్చారు. హాలిస్ గుమ్మందాకా నడిచి వాళ్ళకి తలుపు తీశాడు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ రాత్రి ఉంగరం ఏదని అడిగితే వేళ్ళు లావయ్యాయన్నాడు. ఆ వేలు చూశాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉంగరం ఉన్న వేలి మీద మచ్చ ఉండాలి. లేదు.

శుక్రవారం పుస్తకంలో రాశాను: సందు, సున్నా.

సోమవారం పొద్దున్న తొమ్మిదింబావుకి ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. ఎవరో ప్రూయిట్ అనే ఆవిడ, సరుకు ఉంచే ఆవరణ లెక్కలు చూస్తుందట.

"మీరు పంపిన దూలం నంబరు చూశానమ్మా. ఏదో పొరపాటు జరిగింది. మీ ఒకటో ముక్కే మా దగ్గర్నుంచి వెళ్ళింది. రెండోది ఇక్కడే ఉంది."

"ఇక్కడంటే?"

"మా ఆవరణలో. నిరుడు కట్టినప్పట్నుంచీ ప్లాస్టిక్ చుట్టి పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ కొట్టువాళ్ళు తీసుకెళ్ళనే లేదు. ఏడాదిగా సగం ఇంట్లో ఎలా ఉంటున్నారమ్మా?" నవ్వింది.

వెనక పడకగదిలో హాలిస్ ఈల వేస్తున్నాడు.

"ఎవరైనా దాన్ని తెరిచారా?" అన్నాను.

"లేదమ్మా, సీలు అలాగే ఉంది. మా కాపలావాళ్ళు మాత్రం ఒకటే గొడవ. మంగళవారం మధ్యాహ్నం నుంచి లోపల ఏదో ఇనుము కొట్టుకుంటోందని. మూడుసార్లు, కాస్త ఆగి, మళ్ళీ మూడుసార్లు. రేకు ఊడిందనుకున్నాం." కాగితం తిప్పిన చప్పుడు. "ఇప్పుడేం లేదులెండి. శనివారం ఆగిపోయింది."