ఆగిపోయే ఆట

ఆదివారం పొద్దున మిలాగ్రోస్ పొయ్యి మీద తీపి మిరపకాయలు కాలుస్తోంది. వంటిల్లంతా కమ్మటి పొగ. ఆ వాసనకే భర్త ఫెర్మిన్ ఆదివారాలు బార్ నుంచి పెందలాడే వచ్చేస్తాడు. ఇవాళ మాత్రం వస్తూనే టోపీ తీసి బల్ల మీద విసిరికొట్టాడు.

"ఏమయ్యా, కాలుతున్నది మిరపకాయలైతే నువ్వెందుకు మండిపడుతున్నావ్?"

"నీ ముద్దుల కూతుర్నడుగు!"

కూతురు ఐనారా మూలన కూర్చుని ఉంది. ఎదురుగా టీవీకి తగిలించిన చిన్న నల్ల కంప్యూటర్. నిద్రాహారాలు మాని దాని మీదే ఒక సైకిల్ పందెం ఆట తయారుచేసింది ఆ పిల్ల. ఆ రోజుల్లో కంప్యూటర్ ఆటలు క్యాసెట్లలో వచ్చేవి; మాద్రిద్‌లో ఒక చిన్న సంస్థ దాన్నీ క్యాసెట్టుగా వేసి అమ్మింది. ఒకప్పటి పందెపు సైక్లిస్టు ఫెర్మిన్ కూతురు చేసిన ఆట అదిరిపోతుందని స్పెయిన్‌లో నవార్రా ప్రాంతంలోని వాళ్ల ఊరంతా ఎదురుచూసింది. తీరా చూస్తే కొన్నవాళ్లంతా పెదవి విరిచారు.

"బార్‌లో, పత్రికలో ఈ ఆట గురించి రాసింది పైకి చదివి మరీ వినిపించారు," అన్నాడు ఫెర్మిన్. "ఎంత తొక్కినా గెలవలేమట. జట్టు నాయకుణ్ణి దాటబోతే మనం తొక్కించే బొమ్మకి సత్తువ పోతుందట. మధ్యలో ఆట బిగుసుకుపోతుందట. ఆ ఒచోవా గాడేమన్నాడో తెలుసా? 'అచ్చం మన ఫెర్మిన్ లాగే ఉందిరా, జన్మలో గెలవదు' అన్నాడు. అందరూ ఒకటే నవ్వు!"

వయసంతా పందేల్లో తొక్కినవాడు ఫెర్మిన్. ఒక్కటీ గెలవలేదు. గెలవడం అతని పని కాదు. వెనక వచ్చే జట్టు కారు దగ్గరికి వెళ్లి నీళ్ల సీసాలు తేవాలి. నాయకుడికి ఎదురుగాలి తగలకుండా ముందు తొక్కాలి. నాయకుడి చక్రం పంక్చరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చేయాలి. అందరూ అతన్ని 'నీళ్లమోత' అనేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు గానీ, ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

"నా చేతకానితనాన్ని క్యాసెట్టు చేసి దేశమంతా అమ్మాలా?"

"చేతకానితనమా?" ఐనారా ఇటు తిరిగింది. "నేనెప్పుడైనా అలా అన్నానా నాన్నా? ఆట సరిగ్గా రాలేదు, ఒప్పుకుంటాను. ఆడేవాళ్లకి ఏం చెయ్యాలో తెలిసేలా చెయ్యలేకపోయాను. రేపే ఈ కంప్యూటర్ అమ్మేసి, మిరపకాయల ఫ్యాక్టరీలో పనికి పోతాను. ఇంక దీని జోలికి రాను. కానీ అందరి మాటా విన్నావే, నువ్వొక్కసారైనా ఆడావా?"

ఫెర్మిన్ బల్ల మీది టోపీ అందుకోబోయాడు.

"కూర్చోవయ్యా," అంది మిలాగ్రోస్. "మిరపకాయలెక్కడికీ పోవు."

క్యాసెట్టు కీచుమని అరిచి అరిచి, ఎట్టకేలకు ఆట మొదలైంది. ఫెర్మిన్ మొరటు వేళ్లకు మీటలు చిక్కలేదు. కాసేపు తడబడ్డాడు. కొండ మొదలయ్యేసరికి ఎవరూ చెప్పకుండానే వెనక్కి తగ్గి, కారు దగ్గర సీసాలు అందుకున్నాడు. వాటిని నాయకుడికిచ్చి, అతనికి ముందు నిలిచి తొక్కాడు. సత్తువ తగ్గలేదు.

ఉన్నట్టుండి నాయకుడి చక్రం మినుకుమినుకుమంది. ఆట కొన్నవాళ్లలో చాలామంది ఇక్కడే సందు దొరికిందని ముందుకు దూకి సత్తువ పోగొట్టుకున్నారు. ఫెర్మిన్ ఆలోచించనే లేదు, ఆగిపోయాడు. తెర మీద బొమ్మ సైకిల్ దిగి, చక్రం ఊడదీసి ఇచ్చేసింది. నాయకుడు వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ వెళ్లిపోయారు. ఖాళీ రోడ్డు పక్కన బొమ్మ ఒక్కటే మిగిలింది. ఏదీ కదలడం లేదు.

"బిగుసుకుపోయిందా?" అంది మిలాగ్రోస్.

"లేదు. కారు రావాలి," అన్నాడు ఫెర్మిన్. "వస్తుంది."

చేతులు ఒళ్లో పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్నాడు. మిరపకాయలు చల్లారిపోయాయి. చాలాసేపటికి తెర అంచున కారు కనిపించింది. కొత్త చక్రంతో బొమ్మ మళ్లీ బయల్దేరింది. వాన మొదలైంది. గమ్యం చేరేసరికి జనం లేరు, జెండాలు లేవు. ముగింపు గీత పక్కన చిన్న కోటు తొడుక్కున్న పాప ఒక్కతే నిలబడి చెయ్యి ఊపుతోంది.

ఫెర్మిన్‌కు తెర మసకబారింది. ఏళ్ల కిందట, అచ్చం ఇలాంటి వానలోనే, చక్రం ఇచ్చేసి అందరికన్నా ఆఖరున చేరాడు. అమ్మ ఎంత లాగినా కదలకుండా, తడిసి ముద్దయి, గీత దగ్గర నిలబడి ఉంది ఐనారా. పందెం ఎవరు గెలిచారో ఆ పిల్ల అడగలేదు. 'మా నాన్న వచ్చాడు' అని అరిచింది, అంతే.

"కోటు ఎర్రది కదమ్మా," అన్నాడు తెర మీది పాపను చూపిస్తూ. "ఇక్కడ పసుపుగా ఉందే."

"ఈ కంప్యూటర్‌లో పక్కపక్కన రెండు రంగులకు మించి ఇమడవు నాన్నా. ఎంత పాటుపడ్డా ఎరుపు కుదరలేదు."

ఫెర్మిన్ చేతివెనకతో కళ్లు తుడుచుకుని, కూతురి తల దగ్గరకు తీసుకున్నాడు.

"ఆ ఒచోవా గాణ్ణి పట్టుకొస్తాను. కారు వచ్చేదాకా కుర్చీలోంచి లేవనివ్వను."

"మరి నేను ఫ్యాక్టరీకి..."

"ఏ ఫ్యాక్టరీ? నువ్వు చేసే ఇంకో ఆటలో ఆ కోటు ఎర్రగా ఉండాలి."