నాలుగో కౌంటరు

వరద తగ్గి పదకొండు రోజులైనా కర్నూలులోని ఆ ఆసుపత్రి కింది అంతస్తులో బురద వాసన పోలేదు. ఎంత ఫినాయిలు పోసి కడిగినా గోడల్లోంచి వస్తూనే ఉంది. మూడో అంతస్తులోని సర్వర్ గదికి నీళ్లు ఎక్కలేదు. డేటాబేసు చూసుకునే రాఘవేంద్రప్రసాద్ ఆ మధ్యాహ్నం సర్వర్‌ను మళ్ళీ ఆన్ చేశాడు.

చేయాల్సిన పని చిన్నదే. ఇక పనిలోకి రానివాళ్ళ లాగిన్లు తీసేయాలి. జాబితాలో ఒక్కటే పేరు. శివకుమారి, రోగులకు కార్డులు చేసే నాలుగో కౌంటరు. వరదలో పోయిన పిల్ల.

ఆమె తల్లి భీమక్క గది బయట బెంచీ మీద కూచుని ఉంది. కూతురు ఆ రోజు డ్యూటీలో ఉన్నట్టు కాయితం కావాలని వచ్చింది. శవం దగ్గర దొరికిన సెల్‌ఫోన్ కూడా తెచ్చి, బాగవుతుందేమో చూడమని బతిమాలింది. ప్రసాద్ బ్యాటరీ ఊడదీసి, లోపలి బురద చూసి, తల అడ్డంగా ఊపాడు. ఫోను బయటికి తెచ్చి ఆమెకిచ్చాడు. బ్యాటరీ అతని బల్ల మీదే ఉండిపోయింది.

"ఆ పొద్దు నాలుగింటికి ఫోన్ చేసింది సారూ," అంది భీమక్క. "నీళ్లు వస్తాండాయంట, లేసి రామ్మా అంటి. ఒక్క కార్డుండాదిమా, కంప్యూటరు కదల్లేదు, కదిలితే వస్తా అనింది. మళ్ల చేయల్యా."

ఆ కంప్యూటరు ఎందుకు కదల్లేదో ప్రసాద్ ఒక్కడికే తెలుసు. ఆ రోజు రోగుల పట్టికలో మార్పులు మొదలుపెట్టాడు. ఇంటి వైపు నీళ్లొస్తున్నాయని కబురు రాగానే, చివర 'కమిట్' అని కొట్టకుండానే ఉరికాడు. అది కొట్టేదాకా కింద ఎవరి కార్డూ సేవ్ కాదు. అంతకు రెండు రోజుల ముందే, కార్డు సగంలో మూసేసిందని ఆ పిల్లను అందరి ముందూ తిట్టాడు. "స్క్రీన్ ఆగితే ముయ్యొద్దు. ఎంతసేపైనా కాచుకో," అన్నాడు. చెప్పిన మాట వింది, పిచ్చి పిల్ల.

ఇదంతా ఈ తల్లికి చెప్పేయాలి. చెప్పకపోతే అన్నం గొంతు దిగేలా లేదు. ముందు ఆ పని కానిచ్చి చెబుదాం అనుకున్నాడు.

లోపలికి వెళ్ళి, లాగిన్ తీసేసే కమాండ్ కొట్టాడు.

తీయడం కుదరదు, ఈ యూజర్ ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్నారు, అని చూపించింది స్క్రీన్.

ఎక్కడి నుంచి? నాలుగో కౌంటరు కంప్యూటరును మొన్ననే చెత్త ట్రాక్టరులోకి ఎత్తారు. పైగా ఆగి లేచిన సర్వర్‌లో పాత కనెక్షన్ ఒక్కటీ మిగలదు. కనెక్షన్ల జాబితా తెరిచాడు. ఇవాళ అతను తెరిచింది కాక ఇంకో రెండు వరుసలున్నాయి. ఒకటి వరద రోజున అతను తెరిచింది. రెండోది శివకుమారిది. కాచుకుని ఉంది. ఎవరి కోసమో అన్నచోట అతని పేరే ఉంది.

ఆమె కనెక్షన్ తెంపాడు. పోయింది... మళ్ళీ వచ్చింది. మళ్ళీ తెంపాడు. వచ్చింది... కాచుకున్న సెకన్ల లెక్క పెరుగుతూనే ఉంది.

గదిలో బురద వాసన వేసింది. మూడో అంతస్తులో.

స్క్రీన్ అడుగున అతను తెరవని విండో ఒకటి కనిపించింది. నొక్కాడు. ఆ రోజు సగంలో వదిలేసిన పని. చివర కర్సర్ ఆడుతోంది.

ప్రసాద్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. "తప్పు నాదే తల్లీ," అని గొణిగి, కమిట్ కొట్టాడు.

శివకుమారి వరుస పోయింది. మళ్ళీ రాలేదు.

కళ్లు తుడుచుకుని లేచాడు. ఇప్పుడు చెప్పేయాలి. తలుపు తెరిచాడు.

భీమక్క చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఉంది. "ఆ... ఆ... సరేమ్మా..."

అతన్ని చూసి నవ్వింది.

"పని అయిపాయనంట సారూ," అంది గుసగుసగా. "వస్తాండాదంట."

"ఎవరు?"

"మా శివ. నిన్ను ఈణ్ణుంచి కదలొద్దనింది. ఎంతసేపైనా కాచుకోమనింది."

ప్రసాద్ వెనక్కి తిరిగి చూశాడు. బ్యాటరీ బల్ల మీదే ఉంది.