ఇతావెరాలో దొంగ సంతకం

ఇంజనీరు దెసిదేరియో మొరింగో బస్సు దిగి చీపా రొట్టె అడిగాడు. బుట్టావిడ రొట్టె తీసి కాగితంలో చుట్టింది. అందుకోడానికి చెయ్యి చాచాడు. అంతే. వెనకనించి మోటారు సైకిలు వచ్చింది. రెండు గుండ్లు పేలాయి.

చంపినవాళ్ళు పారిపోలేదు. వంగి అతని జేబులు వెతికారు. మెడ చూశారు, బూట్లు విప్పి చూశారు. కావలసింది దొరకలేదు. తిట్టుకుంటూ బండెక్కి పోయారు. కిందపడ్డ రొట్టె ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

ఆ మర్నాడు రాజధాని అసున్సియోన్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి ఒక పేషెంటు వచ్చాడు.

"కింది దవడ నొప్పి."

"ఎడమా, కుడా?"

"వాన పడితే రెండూ."

డాక్టరు పక్కకి తప్పుకుంది. పేషెంటు కుర్చీ దాటి, బీరువా దాటి, వెనక గదిలోకి వెళ్ళాడు. ఆయన అసలు పేరు ఎలాదియో ఫ్రెతెస్. ఆ పేరు వాడి చాలా ఏళ్ళయింది. ఫైళ్ళలో ఆయన్ని లకుముకి అంటారు. నీళ్ళలోకి దూకి, చేపని పట్టి, చప్పుడు కాకుండా పోయే పిట్ట పేరు.

అక్కడున్న గూఢచారి శాఖ కర్నల్ జెనెస్ కూర్చోమనలేదు.

"చచ్చినవాడెవడో తెలుసా?"

"ఇతావెరా ఆనకట్ట ఇంజనీరు."

"గేట్లు ఎత్తి దించే కంప్యూటరు బోర్డు పాతబడింది. కొత్తది తెప్పించారు. కొత్త బోర్డంటే కొత్త కోడలోయ్. ఏ డబ్బాలో ఏముందో దానికి తెలీదు. ఏ పిన్ను ఏ గేటుది, ఏ తీగలో కరెంటుంటే 'ఎత్తు' అని, ఏ తీగలో ఉంటే 'దించు' అని, అన్నీ రాసి లోపలున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పజెప్పాలి. ఆ పని మొరింగోది. ఇప్పుడు అతని కింద పనిచేసిన నిమియా ఒవెలార్‌ది."

"చంపిందెవరు?"

"తూర్పుగాలి ముఠా. పరాయి దేశం వాళ్ళు. ఆనకట్ట నడపడం మనకి చేతకాదని లోకానికి చూపించాలి వాళ్ళకి. ఆ తర్వాత నడిపే కాంట్రాక్టు వాళ్ళ దొరలది."

"చూపించాలంటే గేట్లు తెరవాలి. కింద జనం ఉన్నారు."

"జనం పోతేనే కదా లోకం చూసేది," అన్నాడు కర్నల్. "బోర్డులోకి ఎక్కించే ఫైలు మీద డిజిటల్ సంతకం ఉండాలి. సంతకం లేనిదాన్ని బోర్డు గుమ్మం తొక్కనివ్వదు. ఆ సంతకం తాళం నిమియా మెడలో ఉంది, పెన్‌డ్రైవ్‌లో. ఆవిడ ముఠాతో కలిసిందని నా అనుమానం. కాపీ తీసుకురా. ఇంతకుముందు దేనిమీద సంతకం పెట్టిందో మన ల్యాబులో తేలుస్తారు."

"ముఠాలో మన మనిషి?"

"వలెస్కా. వాళ్ళ జీతం తింటుంది, మనకి కబురిస్తుంది. ఆనకట్టకి కన్సల్టెంటుగా వచ్చిపోతూ ఉంటుంది. నువ్వు పలకరించకు."

బల్ల మీద తోలు తొడుగున్న నీళ్ళ ఫ్లాస్కు ఒకటి పెట్టాడు. ఆ దేశంలో ఫ్లాస్కు లేకుండా తిరిగేవాణ్ణి పోలీసులు అనుమానిస్తారు, ఉన్నవాణ్ణి ఎవరూ చూడరు. పైన ఐసు నీళ్ళు. అడుగున తిప్పితే ఊడే మూత, దాని కింద కాపీ యంత్రం.

* * *

మీసం పెరిగింది. పేరు విసెంతే అయింది. కంపెనీ పంపిన టెక్నీషియన్ అని చీటీ చూపించాడు.

నిమియా ఒవెలార్ ముప్పై దాటిన మనిషి. జుట్టు పెన్సిలుతో ముడివేసుకుంటుంది. ఆమె ముందున్న బల్ల మీద కొత్త బోర్డు, అరచేతి వెడల్పున ఆకుపచ్చగా, ఒళ్ళంతా తీగలతో పడి ఉంది.

"ఏమయ్యా విసెంతే, టెక్నీషియన్‌వంటావు. చేతుల మీద కాలిన మచ్చ ఒక్కటీ లేదేం?"

"జాగ్రత్త మనిషినండీ."

"జాగ్రత్త మనిషి ఈ పనిలోకి ఎందుకొస్తాడు? సర్లే, కూర్చో." ఐసు నీళ్ళలో ఆకు వేసి తాగే తెరెరే కలిపిన కొమ్ము పాత్ర అతని చేతికిచ్చింది. తను తాగిన గొట్టమే. అలా ఇవ్వడం అంటే మనిషిని లోపలికి రానివ్వడమే.

ఆమె పని చేస్తుంటే అతను తీగలు అందించాడు. ఒక్కో పిన్నునీ మీటరుతో ముట్టుకుని చూసి, అప్పుడు ఫైల్లో రాస్తోంది.

"మొదట్నించీ మీరే రాశారా ఇంజనీరమ్మా?"

"ఎవరు రాస్తారయ్యా మొదట్నించీ? దగ్గర చుట్టంలాంటి పాత బోర్డు ఫోల్డరు కాపీ కొడతాం. పేరు మారుస్తాం. ఆ తర్వాత ఒక్కోటీ సరిచూస్తాం. ప్రపంచమంతా అంతే. సగం మంది పేరు మార్చేదాకా చేసి, సరిచూసే దగ్గర సోమరిపోతులైపోతారు. పాత బోర్డు అవలక్షణాలన్నీ కొత్తదానికి వస్తాయి."

"మీరు సోమరి కాదన్నమాట."

"మా అమ్మ తాకువారా పేటలో ఉంటుంది. గేటు కింద. చేపలు వేయించి అమ్ముతుంది. నేనెలా సోమరినవుతాను?" అని నవ్వింది. "ఇదిగో, సోపా పంపింది. నీకే. ఒంటిగాడివని చెప్పాను."

జున్నూ మొక్కజొన్నా కలిపి కాల్చిన మెత్తటి ముక్క. నోట్లో పెట్టుకున్నాడు. నీళ్ళు తాగి దింపుకున్నాడు. గూఢచారి పెట్టింది తినాలి.

పది రోజులు చూశాడు. ఆమె ఎవరికీ ఫోను చెయ్యలేదు, ఎవర్నీ కలవలేదు. పనికొచ్చేది, ఇంటికి పోయేది. అదే కర్నల్‌కి కబురు పెట్టాడు. 'తాళం,' అని ఒక్క ముక్క జవాబొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమె సంతకం పెడుతూ మధ్యలో లేచింది.

"ఐసు అయిపోయింది. తెస్తాను. ఈ పెన్‌డ్రైవ్ చూస్తూ ఉండు, ఎవరూ ముట్టుకోకుండా. నిన్ను కాబట్టి అడుగుతున్నాను."

"అలాగేనండీ."

ఆమె మెట్లు దిగిన చప్పుడు విన్నాడు. ఫ్లాస్కు తిరగేశాడు. మూత తిప్పాడు. ఆమె తిరిగొచ్చేసరికి పెన్‌డ్రైవ్ ఎక్కడిదక్కడే ఉంది.

"ఎవరైనా వచ్చారా?"

"లేదండీ."

నిజమే. బయటినించి ఎవరూ రాలేదు.

* * *

ప్రారంభోత్సవం రోజు తాకువారా ఒడ్డున ఊరంతా చేరింది. మాంసం కాలుతోంది, వీణలు మోగుతున్నాయి. మంత్రి మీట నొక్కితే పాత బోర్డు సెలవు తీసుకుంటుంది. కొత్తది గేట్లు చేతిలోకి తీసుకుంటుంది.

ఎలాదియో పని అయిపోయింది. కాపీ కర్నల్‌కి ఇచ్చేశాడు. ల్యాబు ఏం తేల్చిందో కబురు లేదు. వెళ్ళిపోవచ్చు. కానీ వెళ్ళలేకపోయాడు. ఆనకట్ట పైన నడవలో నిలబడి, కింద చేపలమ్మే ఆడవాళ్ళలో నిమియా తల్లి ఎవరై ఉంటుందా అని చూస్తున్నాడు.

సెంటు వాసన వచ్చింది. పచ్చటి గౌను, నల్ల కళ్ళద్దాలు. వలెస్కా.

"అభినందనలు డార్లింగ్. నీ తాళంచెవి భేషుగ్గా తిరిగింది."

"తిరగడమేంటి? ల్యాబులో చూసుకోడానికి కదా ఇచ్చింది."

"చూశాం." నవ్వింది. "పడవ ఉంది, ఎగువ ఒడ్డుకి పోతున్నాను. నువ్వూ రా. నీలాంటివాడు బురదలో పోతే బాగోదు."

"బురదెక్కడిది?"

"ఇంకాసేపట్లో ఉంటుంది. మీ కర్నల్‌కి ల్యాబు లేదు పాపం. పని నాకే ఇస్తాడు. బోర్డులో ఇప్పుడున్నది మా ఫైలు."

ఎలాదియోకి అర్థమైంది. మొరింగోని చంపి, బూట్లు విప్పి వెతికినా ముఠాకి దొరకని తాళం అది. సోపా తిని, తెరెరే తాగి, అండీ అండీ అంటూ తనే తీసుకెళ్ళి చేతిలో పెట్టాడు.

ఆమె చెయ్యి సంచిలోకి పోతోంది. ఈయన చెయ్యి ముందు పోయింది. బేడీ ఒక కొస ఆమె మణికట్టుకి, రెండోది రెయిలింగుకి. చిన్న పిస్తోలు మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది.

"నీకిది అలవాటే కదా," అంది వలెస్కా, నొప్పిని పళ్ళ కింద అదిమి. "నమ్మిన ఆడదాన్ని కట్టెయ్యడం."

ఎలాదియో పరిగెత్తాడు.

కంట్రోల్ రూమ్‌లో నిమియా కొత్త చొక్కా వేసుకుని తెర ముందు కూర్చుంది.

"వచ్చావా! నీకోసం కుర్చీ..."

"ఇంజనీరమ్మా, నేను టెక్నీషియన్‌ని కాను. ప్రభుత్వ గూఢచారిని. మీరు ఐసుకి వెళ్ళినప్పుడు తాళం కాపీ తీశాను. అది ముఠా చేతిలో పడింది. లోపలున్న ఫైలు మీది కాదు. సంతకం మాత్రం మీదే."

చెంప ఛెళ్ళుమంది. ఇంకోటి పడుతుందని నిలబడ్డాడు. పడలేదు. ఆమె అప్పటికే తెర వైపు తిరిగింది.

బయట మైకులో మంత్రి గొంతు. చప్పట్లు. మీట నొక్కాడు.

ఒకటో గేటు లేచింది. దాని వెనక రెండోది, మూడోది. నిమియా 'దించు' నొక్కింది. ఇంకా లేచాయి.

"దిక్కుమాలినవాళ్ళు! తీగల అర్థం తిరగేశారు. దించమంటే ఎత్తుతోంది."

"పాత బోర్డుకి మార్చండి."

"దాని తీగల కట్ట కోసేసి ఉంది, చూడు."

"కరెంటు పీకేస్తే?"

"బ్రేకు పడి గేట్లు ఎక్కడివక్కడ ఆగుతాయి. దిగవు. దించాలంటే బోర్డు బతికుండాలి, బుద్ధిగా ఉండాలి. అయినా పీకు!"

గదికి ఆ చివరున్న బీరువా తెరిచి ప్లగ్గు లాగాడు. గేట్లు ఆగాయి. వాటి కిందనించి మాత్రం నీళ్ళు దూకుతూనే ఉన్నాయి.

"ఇప్పుడు పెట్టు. ఏం చేస్తుందో చూస్తాను."

పెట్టాడు. తెర మీద అక్షరాలు లేచాయి. మూడు, రెండు, ఒకటి అని అంకెలు దిగి మాయమయ్యాయి. బోర్డు లేచింది. గేట్లూ మళ్ళీ లేచాయి.

"మళ్ళీ పీకు!" అని అరిచింది. ఆమె మొహంలో ఏదో వెలిగింది. "సోమరి వెధవలు. ఇది మొరింగో బల్ల మీద పెట్టుకుని పరీక్షలు చేసిన బోర్డు ఫోల్డరు. కాపీ కొట్టి పేరు మార్చారు. బల్ల మీది బోర్డు లేచేముందు మూడు సెకన్లు ఆగుతుంది. ఆలోపు మీట నొక్కితే నిలబడి ఏం కావాలని అడుగుతుంది. గేటుకి పెట్టే బోర్డులో మొదట తీసెయ్యాల్సింది అదే. వీళ్ళు తియ్యలేదు!"

"అయితే?"

"ఆ సందులో దూరి నా ఫైలు ఎక్కిస్తా. నువ్వు పెట్టు, నేను నొక్కుతా. విసెం... నీ పేరేదో. పెట్టు!"

ఎలాదియో పీకిన ప్లగ్గు మళ్ళీ ఎత్తాడు. గుమ్మంలో గుండు పేలింది. కుడి భుజం వెనక నిప్పు పడ్డట్టయింది. వలెస్కా. బేడీ ఊడిన మణికట్టు నెత్తురోడుతోంది, రెండో చేతిలో మెట్ల మీద పడ్డ ఆ పిస్తోలు. ప్లగ్గు నేల మీద పడింది.

మోకాళ్ళ మీద కూలి, ఎడమ చేత్తో దాన్ని వెతికాడు. వలెస్కా ఈసారి నిమియా తలకి గురి పెట్టింది. నిమియా కదల్లేదు. వేలు మీట మీదే, కళ్ళు తెర మీదే.

ఆయన ప్లగ్గు గోడలోకి గుచ్చి, అదే ఊపున వలెస్కా కాళ్ళ మీద పడ్డాడు. రెండో గుండు కప్పులోకి పోయింది.

మూడు. రెండు. తెర మీద ఒకటి వెలిగింది.

టక్.

అంకె అక్కడే నిలబడిపోయింది.

కాపలావాళ్ళు వచ్చి వలెస్కాని లేవదీసేసరికి నిమియా ల్యాప్‌టాప్‌లోంచి తన ఫైలు పంపేసింది. బోర్డు మళ్ళీ లేచింది. ఈసారి దించమంటే దించింది. నీళ్ళు తాకువారా ఒడ్డున పొయ్యిల దాకా వచ్చి, మాంసం బొగ్గులు ఆర్పి, వెనక్కి పోయాయి. ఇదీ ప్రోగ్రాంలో ఉందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

నిమియా కుర్చీలోంచి లేవలేదు. నేల మీద నెత్తుట్లో ఉన్న మనిషిని చూసింది.

"డాక్టర్ని పిలవండి," అంది కాపలావాళ్ళతో. మళ్ళీ తెర వైపు తిరిగింది.

* * *

కర్నల్ ఆస్పత్రికి వచ్చాడు. ఈసారి తనే కూర్చున్నాడు.

"ముఠా మొత్తం దొరికింది. వలెస్కా కక్కేస్తోంది. నీకు పతకం రాశాను, ఎవరికీ చూపించకూడదనుకో."

"నిమియా?"

"దొంగ ఫైలు మీద ఆవిడ సంతకం ఉంది. రేపు విచారణ. ఉద్యోగం పోతుంది, బహుశా జైలు. మనం కాయితం మీద లేం కదోయ్. ఎవరో ఒకరు ఉండాలిగా."

"తాళం ఇచ్చింది నేను. వలెస్కాకి చేర్చింది మీరు."

"అందుకే ఆవిడ ఉండాలి అంటున్నాను."

మర్నాడు విచారణ గదిలోకి చెయ్యి కట్టుతో ఒక మనిషి నడిచొచ్చాడు. మీసం లేదు. నిమియా ఒంటరిగా నిలబడి ఉంది.

"తాళం దొంగిలించింది నేను," అన్నాడు. "ఈవిడ తప్పేం లేదు. రాసుకోండి."

అధికారి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "పేరు?"

"ఎలాదియో ఫ్రెతెస్."



గుమాస్తా కంప్యూటరులో వెతికి తల అడ్డంగా ఊపాడు. "అలాంటి మనిషే లేడండి. పుట్టినట్టు కూడా లేదు."

"గుర్తింపు కార్డేదైనా ఉందా?"

ఎలాదియో జేబులో పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి. అన్నింటి మీదా ఆయన ఫొటోనే. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు.

"మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా?"

ఆలోచించాడు. ఒక్కరూ తట్టలేదు. అధికారి ఫైలు మూసేస్తున్నాడు.

"నేను ఎరుగుదును," అంది నిమియా.

ఆయన్ని పైనించి కిందకి చూసింది. క్షమించిన చూపు కాదది.

"ఈయన పేరేంటో నాకు తెలీదు. ఎక్కడివాడో తెలీదు. నాతో చెప్పినవన్నీ అబద్ధాలే. దొంగ మాత్రం ఈయనే."

గుమాస్తా అది రాసుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎలాదియో ఫ్రెతెస్ గురించి ఒక నిజం ప్రభుత్వ రికార్డులకెక్కడం అదే మొదటిసారి. ఆయన ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. సొంత సంతకం మరిచిపోయినట్టుంది, వంకర పోయింది.