రుతుసాక్షి

2071లో విశాఖలో స్కిజోఫ్రీనియా ఉన్న ఆడవాళ్ళు పొద్దున లేవగానే మణికట్టు చూసుకుంటారు. అక్కడ చర్మం కింద రుతుసాక్షి అనే బిళ్ళ వెలుగుతూ ఉంటుంది. వాళ్ళలో చాలామందికి నెలసరి ముందు, ఈస్ట్రోజెన్ తగ్గే రోజుల్లో, చెవిలో గొంతులూ మనసులో అనుమానాలూ పెచ్చుమీరతాయి. బిళ్ళ ఆ హార్మోన్‌ను గంటగంటకూ కొలిచి, జబ్బు తీవ్రత పదికి ఎంతో చెప్పి, మందు తానే వదులుతుంది. కనిపెట్టింది డాక్టర్ వైజయంతి. మొట్టమొదట పెట్టించుకున్నది ఆమె చెల్లెలు కుముదిని. అక్క మీద అంత నమ్మకం మరి!

కుముదినికి చివరిసారి గొంతులు వినిపించి ఆరేళ్ళయింది. తీరం వెంట సముద్రపు ట్రాము నడిపే తన పాత ఉద్యోగం మళ్ళీ దక్కాలంటే నెల రోజులు తీవ్రత మూడు దాటకూడదు. ఇదివరకు రెండుసార్లు చివర్లో దాటింది. పాడు జబ్బు తిరగబెట్టిందనుకుని ఏడ్చి ఊరుకుంది. ఈసారి ముప్పయ్యో రోజు మధ్యాహ్నం, అన్నం తింటూ ఉండగా, తొమ్మిది వెలిగింది. ఆమెకు ఒళ్ళు మండింది.

"ఏయ్ బిళ్ళా, నాకేమయిందని తొమ్మిది?"

"ఈస్ట్రోజెన్ బాగుందండి. గొంతులూ లేవు," అంది యంత్రం మర్యాదగా. "ఇంటివారు రాసి పంపిన సాక్ష్యం వల్ల తొమ్మిది."

"ఎవరిచ్చారు ఆ సాక్ష్యం?"

"వైజయంతి గారు. ఈ ఉదయం మీరన్న మాట: 'ఉద్యోగం రాగానే వేరే ఇల్లు చూసుకుంటాను.' ఆవిడ రాసిన లక్షణం: అయినవాళ్ళ మీద అనుమానం. ముందు రెండుసార్లూ ఇదే మాట, ఇదే లక్షణం. ఆవిడను కాదనే మాట వింటే జబ్బేనని అలా నేర్చుకున్నాను."

కుముదిని చేతిలో ముద్ద కంచంలో పడేసి లేచింది. కన్నతల్లిలా నమ్మిన మనిషి!

సాయంత్రం అక్క గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే నిలదీసింది.

"నువ్వేనా రాసింది?"

"నీ మంచికేనే," అంది వైజయంతి తడబడుతూ. "నువ్వు వెళ్ళిపోతే నాకెవరున్నారు చెప్పు? అయినా ఇప్పుడు నీకు అనుమానం ముదిరింది. నీకే తెలియడం లేదు."

"అబద్ధం! నన్ను నిలువునా ముంచావు!"

మణికట్టు మీద పది వెలిగింది. చర్మం కింద చురుక్కుమంది. మందు ఎక్కుతోంది, నాలుక మొద్దుబారుతోంది. కుముదిని మణికట్టు మీది అంకె చూసి, మాట కూడదీసుకుంది.

"సరే అక్కా. ఎక్కడికీ వెళ్ళను. నువ్వు చెప్పినట్టే ఉంటాను."

అంకె ఒకటికి దిగిపోయింది.

వైజయంతి చెల్లెల్ని గట్టిగా కావలించుకుంది. ఆమె కళ్ళు నిజంగానే చెమర్చాయి.

"నా బంగారు తల్లీ! చూశావా, ఎంత బాగా నయమైందో!"