తూర్పు రేవులో నల్లవీపు

దాహమంటే త్రికోటేశ్వరరావు చెంబెత్తి పోశాడు. ఆరోగ్యమ్మ దోసిలి పట్టి తాగింది. గ్లాసు బల్ల మీదే ఉంది. నరసరావుపేటలో ఏ చిన్న వివరాన్నీ వదలని ప్రైవేటు డిటెక్టివుగా పేరున్న ఆయనకు అది తట్టలేదు.

"మా చెరువులో భూతముంది బాబూ. నల్లటి వీపు, ఒకటే కంపు. దాన్ని చూసి పరిగెత్తి మా ఎలిజబెత్ కాలిరగ్గొట్టుకుంది. రెండు మైళ్లు నడిచి వాగునీళ్లు మోస్తన్నాం."

ఆమెది రెంటచింతల దగ్గరి పల్లె. కలెక్టరు ఉత్తర్వుతో ఆ యేడే, 1957లో, వాళ్ల హరిజనపేటకు చెరువు తూర్పు రేవు దక్కింది. భూతం లేచేదీ ఆ రేవులోనే.

మర్నాడు డిటెక్టివు, సహాయకుడు అబ్దుల్ రహీమ్ గట్టెక్కి చూశారు. ఆరోగ్యమ్మ బిందెతో దిగగానే నల్లవీపు లేచింది. పక్కనే గేదెలు నింపాదిగా నెమరు వేస్తున్నాయి.

"వాటికి భయం లేదేం సార్?"

"అదే చూస్తున్నా. తూము రాతి మీద ఆ గీత చూడు. తాడు ఒరిసింది."

మునసబు నాగభూషణరావు నవ్వుతూ వచ్చాడు. "ఏందయ్యా, నరసరావుపేట డిటెక్టివుకి భూతవైద్యం కూడా వచ్చా?"

"రాదండీ. సాయంత్రం ఊరందర్నీ ఇక్కడికి పిలవండి, చాలు."

అందరూ చేరాక త్రికోటేశ్వరరావు తూము పక్క కంపచెట్లలో దాచిన తాడు కోశాడు. నల్లవీపు తేలి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కుళ్లిన గోగుకట్ట.

"అడుగున బెజ్జమున్న నాపరాయి ఉంది. తాడు దాని గుండా వచ్చింది. లాగితే కట్ట మునుగుతుంది, వదిలితే తేలుతుంది. తూము కాసేది మునసబుగారి మనిషి."

"తాగే చెరువులో నార కోసం గోగు ఎవడన్నా నానేస్తాడా?" అన్నాడు మునసబు.

"వెయ్యరు. అందుకే ఎవరూ అనుమానించరనుకున్నారు. కానీ గోగు కుళ్లిన వాసన తెలియని రైతు ఇక్కడ ఎవరు?"



"నేనొక్కణ్ణేనా?" మునసబు గొంతు తగ్గింది. "మీలో ఒక్కరన్నా వద్దన్నారా?"

ఆయన తల్లి సీతారావమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నెల నుంచీ ఆ కంపునీళ్లే తాగుతున్నాంరా. నాకూ తెలుసు. ఊరుకున్నా."

ఒకరి వెనక ఒకరు తల దించుకుని వెళ్లిపోయారు. ఆరోగ్యమ్మ రేవులోకి దిగి, సత్తుగ్లాసుతో బిందె నింపుకుంటోంది.

"నాక్కాసిని పొయ్యమ్మా," అంటూ త్రికోటేశ్వరరావు వంగి దోసిలి పట్టాడు.

ఆమె ఆయన చేతుల వైపు చూసింది.

"చేతులెందుకు బాబూ? గ్లాసుందిగా."

రహీమ్ ముఖం తిప్పుకున్నాడు. నీళ్లు కంపు కొడుతున్నాయి. త్రికోటేశ్వరరావు గ్లాసు అందుకుని చివరి చుక్క దాకా తాగాడు.